గ్రంథాలయమున ఒక తీరిక దినము

బాలబాలికలారా! 'తీరిక' అను మాటకును 'సోమరితనము' అను మాటకును గల భేదమును మీరెన్నడైన ఆలోచించితిరా? పైకి చూచుటకు రెండును ఒక్కటిగానే తోచును. రెంటియందును మనుష్యుడు పని మాని కూర్చుండును. కాని సోమరి తన కాలమెట్లు గడచినదో సాయంకాలమునకు చెప్పజాలడు. తీరికను అనుభవించినవాడు ఆ దినమున తాను చూచినదానిని, చదివినదానిని, విన్నదానిని పది దినముల పిమ్మట గూడ జ్ఞప్తికి తెచ్చుకొనగలడు. సోమరితనము కాలమును పోగొట్టును. తీరిక కాలమును మనది చేయును.

అయితే తీరికను అనుభవించుటకు ఒక చోటు కావలెను. ధనవంతునకు తోటలున్నవి, మేడలున్నవి, విశాలమైన గదులున్నవి. ఒక్క గదిలో ఐదాఱుగురు కాపురముండు కుటుంబములోని పిల్లవానికి నిశ్శబ్దముగా కూర్చుండుటకు చోటెక్కడ? వినోదము కోరి బజారునకు పోయినచో అడుగడుగునకు పైకము కావలెను. పైకమడుగక, కులమడుగక, మతమడుగక, కుర్చీని, వెలుతురును, వేలకొలది పుస్తకములను ఎవరు వచ్చినను వారి ముందుంచు స్థలమొకటి నగరములో కలదు. అదియే పౌర గ్రంథాలయము. ఒక సెలవు దినమున మనము హైదరాబాదు నగరములోని అట్టి గ్రంథాలయమునకు పోయి, దాని చుట్టునున్న వీధులలో విహరించి, సాయంకాలమునకు ఇల్లు చేరుదము. భుజమున ఒక సంచి, అందులో మధ్యాహ్నమునకు కొంచెము చిత్రాన్నము, ఒక నీళ్ల సీసా, ఒక చిన్న నోటు పుస్తకము, ఒక పెన్సిలు ఉన్న చాలును.

అఫ్జల్‌గంజిలో బస్సు దిగినంతనే మూసీనది యొడ్డున పురాతనమైన తెల్లని పెద్ద భవనమొకటి కనిపించును. అదియే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము. పెద్దలు నేటికిని దీనిని ఆసఫియా గ్రంథాలయమని పిలుచుదురు. ఇది 1891లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ మొదలగు విద్యాభిమానుల ప్రయత్నమువలన ఆబిడ్స్ ప్రాంతమున స్థాపింపబడెను. ఇప్పుడు మనము చూచుచున్న భవనమునకు 1932లో శంకుస్థాపన జరిగెను. 1936లో గ్రంథములన్నియు ఈ నూతన గృహమునకు చేరినవి. 1955లో హైదరాబాదు రాష్ట్రమున గ్రంథాలయ శాసనము వెలువడిన పిమ్మట ఇది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. రాజుల కాలమున పుట్టి, ప్రజల కాలమున ప్రజల సొత్తైన సంస్థ యిది.

లోపల అడుగిడగానే మొదట మనలను ఆకర్షించునది పైకప్పు యొక్క ఎత్తు. వెలుపల ఎండ మండుచున్నను దళసరి గోడల మధ్య చల్లగా నుండును. వీధిలోని బస్సుల మోత, బండ్ల కేకలు గుమ్మము దగ్గఱనే ఆగిపోయినట్లుండును. ఆ నిశ్శబ్దములో పుట త్రిప్పిన చప్పుడు గూడ వినబడును. ఇచ్చట మాటలాడవలసినచో గొంతు దానంతటదియే తగ్గును.

మనము మొట్టమొదట వార్తాపత్రికల గదికి పోవుదము. ప్రాతఃకాలముననే ఇచ్చట చోటు నిండును. ఒక్క పత్రికను ముగ్గురు పంచుకొని చదువుదురు. ఒకరి చేతిలో మొదటి పుట, ఒకరి చేతిలో క్రీడల పుట, మఱియొకరి చేతిలో ఉద్యోగ ప్రకటనలు! ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుడొకడు కంటి అద్దములు సవరించుకొనుచు సంపాదకీయమును నెమ్మదిగా చదువుచుండును. అతని ప్రక్కనే పని దొరకక వచ్చిన యువకుడొకడు ప్రకటనలలోని చిరునామాను చీటిపై వ్రాసికొనుచుండును. ఉర్దూ పత్రిక చదువువారు, తెలుగు పత్రిక చదువువారు, ఆంగ్ల పత్రిక చదువువారు ఒకే బల్ల చుట్టు కూర్చుందురు. ఒకరినొకరు ఎఱుగకున్నను, ఒకడు లేచినప్పుడు తాను చదివిన పుటను ప్రక్కవానికి అందించి పోవును. నగరమునందలి మర్యాదను నేర్చుకొనుటకు ఇంతకన్న మంచి పాఠశాల లేదు.

తరువాత పుస్తకముల విభాగమునకు పోవుదము. లక్షలకొలది గ్రంథములు గల చోట మనకు కావలసిన దానిని వెదకి పట్టుకొనుట ఎట్లు? ఈ చిక్కును తొలగించుటకు అమెరికా దేశస్థుడగు మెల్విల్ డ్యూయీ 1876లో ఒక పద్ధతిని ప్రకటించెను. మానవుని జ్ఞానమునంతటిని అతడు పది భాగములుగా విభజించి ఒక్కొక్క దానికి అంకెలనిచ్చెను. 500లో ప్రకృతి శాస్త్రములు, 600లో వైద్యము, వ్యవసాయము, యంత్రవిద్య, 800లో సాహిత్యము, 900లో చరిత్ర, భూగోళము వచ్చును. ఒక్కొక్క భాగము మఱల పదేసి శాఖలుగా చీలును. ఈ పద్ధతిలో పక్షులకు 598, తెలుగు సాహిత్యమునకు 894.827 గుర్తులు. ఈ అంకెలు తెలిసినచో, ఆ పద్ధతి ననుసరించు ఏ దేశపు గ్రంథాలయములోనైనను తెలుగు పుస్తకములున్న బీరువా వద్దకు మనము సూటిగా నడచిపోవచ్చును.

మన దేశమున ఈ శాస్త్రమునకు గొప్ప సేవ చేసినవారు ఎస్. ఆర్. రంగనాథన్. వీరు గణితాచార్యులుగా నుండి మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైరి. 1931లో వీరు గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రతిపాదించిరి. పుస్తకములు ఉపయోగించుటకే యున్నవి. ప్రతి పాఠకునకు తగిన పుస్తకము కలదు. ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడు కలడు. పాఠకుని కాలమును వృథా చేయరాదు. గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి వంటిది. ఇవియే ఆ సూత్రముల సారము. వినుటకు ఎంత సులభముగా నున్నవి! కాని వీనిని ఆచరణలో పెట్టుటకు గ్రంథాలయాధికారి జీవితమంతయు శ్రమింపవలెను.

మూడవ సూత్రమును ఒక్క క్షణము ఆలోచింపుడు. ప్రతి పుస్తకమునకు ఒక పాఠకుడు కలడట! అతడు ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు. ముప్పది సంవత్సరములుగా ఎవరును ముట్టని పుస్తకమొకటి బీరువాలో వేచియుండును. గణిత పుస్తకము వెదకుటకు వచ్చిన బాలుడొకడు దారి తప్పి పక్షుల వరుసలోనికి పోవును. అచ్చట ఒక పుస్తకమును తెఱచి, తన యింటి చూరున గూడు కట్టిన పిచ్చుక బొమ్మను చూచును. అది గ్రుడ్లు పెట్టు కాలము, పిల్లలను పోషించు విధము అందు వ్రాసియుండును. నిలుచున్న చోటనే పది పుటలు చదివి, పిమ్మట నేలపై కూర్చుండి ఇరువది పుటలు చదువును. అతడు వెదకుచు వచ్చినది ఇది కాదు. ఇంటికి తీసికొనిపోవునది ఇదియే. తొందరలో నున్నవానికి ఇట్టి భాగ్యము లభింపదు. బీరువాల నడుమ దారి తప్పుటకు తీరిక కావలెను.

తెలుగు పుస్తకముల దగ్గఱకు వచ్చినప్పుడు ఒక వృత్తాంతమును జ్ఞప్తికి తెచ్చుకొనుట ఉచితము. తెలంగాణములో తెలుగు కవులు లేరని పూర్వమొకరు పత్రికలో వ్రాసిరి. ఆ మాట 'గోలకొండ పత్రిక' సంపాదకులగు సురవరము ప్రతాపరెడ్డిగారి మనస్సును నొప్పించెను. వారు కోపముతో తిట్టుచు బదులు వ్రాసి ఊరకుండలేదు. ఊరూరనున్న కవుల రచనలను, వివరములను సేకరించిరి. 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. ఆక్షేపణకు అంతకు మించిన సమాధానమేమి కావలెను? వాదించినవారి గొంతులు ఏనాడో మాసిపోయినవి, పుస్తకము నిలిచినది. గ్రంథాలయము ఏ ప్రజలకైనను సాక్షి వంటిది. తాము ఉండలేదని ఎవరైన అన్నప్పుడు, ఉంటిమని చూపుటకు ఇచ్చట పత్రమున్నది.

ఇట్లు తిరిగి తిరిగి, చివరకు నగర చరిత్రను తెలుపు గ్రంథమొకటి తీసికొని ఒక కిటికీ ప్రక్కన కూర్చుందము. మూసీ వరదను గూర్చిన ప్రకరణమును, చార్మినారు నిర్మాణమును గూర్చిన ప్రకరణమును నెమ్మదిగా చదివి, ముఖ్యమైన సంవత్సరములను నోటు పుస్తకములో వ్రాసికొందము. మధ్యాహ్నమైనది. పుస్తకమును గ్రంథాలయ సేవకునకు అప్పగించి వెలుపలికి వత్తము. ఇక నుండి నగరమే మన పుస్తకము.

గ్రంథాలయమునకు సమీపముననే గోపురములతో నొప్పు ఉస్మానియా ఆసుపత్రి భవనము కలదు. నదికి ఆవలి యొడ్డున ఉన్నత న్యాయస్థానమునకై 1920లో ప్రారంభోత్సవము జరిగిన భవనము కనిపించును. ఈ రెండింటి రూపకల్పనలోను విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల శిల్పి పాలుపంచుకొనెను. నేడు మూసీనది సన్నని ధారగా, నగరపు మురికినీటిని మోయుచు దీనముగా ప్రవహించును. దీనిని చూచినవారెవరును ఇది ఒకప్పుడు నగరమును ముంచెత్తినదని నమ్మజాలరు. కాని ఉదయము మనము చదివిన ప్రకరణమును జ్ఞాపకము చేసికొనుడు.

1908 సెప్టెంబరు 28వ తేదీన కుండపోతగా కురిసిన వానలకు మూసీ పొంగెను. ఇండ్లు కూలెను. వేలకొలది జనులు మరణించిరి. ప్రాణభయముతో పరుగెత్తిన జనులలో సుమారు 150 మంది ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి, దాని కొమ్మలను పట్టుకొని, ప్రవాహము తగ్గువఱకు వ్రేలాడి బ్రతికిరి. ఆ చింతచెట్టు ఇప్పటికిని కలదు. ఏటేట ఆ దినమున నగర చరిత్రాభిమానులు దాని క్రింద చేరి నాటి మృతులను స్మరింతురు. పుస్తకములో మనము చదివిన వాక్యము ఒక్కటే. కాని ఆ చెట్టు మొదట నిలిచి పైకి చూచినప్పుడు, ఒక్కొక్క కొమ్మయు ఒక్కొక్క కుటుంబపు కథవలె తోచును. చిన్నపిల్లను చంకనెత్తుకొని ఆ కొమ్మపై రాత్రి గడపిన తల్లి యెవరో! ఆమె మనుమలు నేడు ఈ వీధిలోనే తిరుగుచుండవచ్చును.

ఆ యాపద పిమ్మట నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించెను. వారు నది యొక్క నడకను పరీక్షించి, నగరమునకు ఎగువన జలాశయములు కట్టవలెనని సూచించిరి. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరము, 1927లో దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగరము సిద్ధమైనవి. ప్రాణములు తీసిన నీరే జలాశయములలో నిలిచి నగరమునకు త్రాగునీరైనది. దుఃఖమును దుఃఖముగా విడువక, దాని కారణమును వెదకి ఉపాయమును కనుగొనుట విద్య యొక్క ప్రయోజనము. ఈ పాఠము మనకు తరగతిగదిలో దొరకినదానికన్న నది యొడ్డున గట్టిగా నాటుకొనును.

ఇచ్చటనే ఒక చెట్టు నీడను కూర్చుండి మన చిత్రాన్నము తిందము. ఆకులను, కాగితములను చెత్తబుట్టలో వేసి లేచి, నయాపుల్ దాటుదము. నయాపుల్ అనగా క్రొత్త వంతెన. దీనికి ఎగువన 1578లో కట్టిన పురానాపుల్, అనగా పాత వంతెన, కలదు. అప్పటికి హైదరాబాదు నగరమే లేదు! గోలకొండనుండి ఏటి ఆవలికి పోవుటకు వంతెన ముందు వచ్చెను. పిమ్మట పదుమూడేండ్లకు నగరము వచ్చెను. దారి యున్న చోటికి ఊరు నడచి వచ్చునని దీనివలన తెలియుచున్నది.

వంతెన దాటినచో ఎడమ ప్రక్కన, నది యొడ్డుననే సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాల కనిపించును. దానిని చూచుటకు ఒక దినము ప్రత్యేకముగా కావలెను గనుక నేటికి నమస్కరించి ముందునకు సాగుదము. మదీనా కూడలి దాటినంతనే పత్తర్‌గట్టి వచ్చును. రెండు ప్రక్కలను రాతి కమానుల వరుసలు, వాని క్రింద దుకాణములు! బట్టలు, అత్తరులు, ముత్యములు అమ్ముచుందురు. మనము కొనవలసిన దేమియు లేదు. చూచుటకు ఎవరును సుంకమడుగరు. అత్తరు దుకాణపు ముసలివాడు పిల్లలను చూచి చిఱునవ్వుతో మణికట్టుపై ఒక చుక్క రాసిన రాయవచ్చును. ఆ వాసన సాయంకాలము వఱకు మనతో వచ్చును.

నాలుగు కమానుల నడుమనున్న గుల్జారు హౌజు అను నీటి తొట్టిని దాటిన పిమ్మట చార్మినారు మన కన్నుల యెదుట నిలుచును. గోలకొండ కోటలో జనసమ్మర్దము హెచ్చి, నీటికి ఇబ్బంది కలిగినందున మహమ్మదు కులీ కుతుబ్‌షా క్రొత్త నగరమును నిర్మింప దలచెను. 1591లో ఆ నగరము నడిబొడ్డున ఈ కట్టడమును లేపిరి. దాని నాలుగు ద్వారములనుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజవీధులు పోవుచున్నవి. కాగితముపై ముందు గీత గీచి, పిమ్మట నేలపై కట్టిన నగరమిది. దక్షిణ ద్వారము వద్ద నిలిచి ఉత్తరమునకు చూచినచో, మనము నడచి వచ్చిన దారి పుస్తకములోని పటమువలె కనిపించును. పడమటి వీధి లాడ్‌బజారు. అచ్చట గాజుల దుకాణములు వరుసగా మెఱయుచుండును. ఒక దుకాణము ముందు కొలిమిపై లక్కను వేడి చేసి, వంచి, గాజుగా చుట్టి, దానిపై అద్దపు ముక్కలను అదుకుచున్న పనివాని వ్రేళ్లను కొంతసేపు గమనింపుడు. ఆ నేర్పు ఏ గ్రంథములోను పూర్తిగా వ్రాయబడలేదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి, తల్లి చేతినుండి కూతురు చేతికి అది వచ్చుచున్నది. గ్రంథములలో నున్న విద్యయు, వ్రేళ్లలో నున్న విద్యయు రెండును నగరపు సంపదయే.

కాళ్లు నొచ్చినచో దగ్గఱి హోటలులో కూర్చుండి ఒక ఇరానీ చాయిని, రెండు ఉస్మానియా బిస్కట్లను తీసికొనవచ్చును. ఇచ్చట గూడ తొందర పనికిరాదు. బిస్కట్టును చాయిలో ముంచి తీయుటకు గూడ ఒక అదను కలదు. అది తప్పినచో బిస్కట్టు అడుగున చేరును!

అచ్చటినుండి బస్సెక్కి తిరిగి నది దాటి ఉత్తరమునకు వత్తము. 1935లో రాతితో కట్టబడి, ఎత్తైన గడియారపు బురుజుతో నొప్పు మొజంజాహి మార్కెట్టు వచ్చును. అది దాటిన ఆబిడ్స్. ఆబిద్ అను వర్తకుడు పెట్టిన దుకాణమువలన ఈ ప్రాంతమునకు ఆ పేరు వచ్చెను. ఆసఫియా గ్రంథాలయము పుట్టినది గూడ ఈ ప్రాంతముననే యని ఉదయము తెలిసికొంటిమి గదా! మన సెలవు దినము ఆదివారమైనచో ఇచ్చట ఒక వింత చూడవచ్చును. మూసియున్న దుకాణముల ముందు, కాలిబాటపై, పాత పుస్తకముల రాసులు పోసి అమ్ముచుందురు. వైద్య గ్రంథము ప్రక్కన వంటల పుస్తకము, దాని ప్రక్కన నవల, దాని ప్రక్కన దేశముల పటము! వంగి, ఏరి, ధూళి దులిపి, బేరమాడి ఒక్క పుస్తకమును సంపాదించినవాని ముఖమును చూడుడు; నిధి దొరకినవాని ముఖమువలె నుండును. కొన్ని పుస్తకముల మొదటి పుటలో వెనుకటి యజమాని పేరు, కొన్న తేదీ వ్రాసియుండును. ఒకని చదువు ముగిసిన చోట మఱియొకని చదువు మొదలగుచున్నది.

ప్రొద్దు వాలుచున్నది. ఇంటికి పోవుటకు ముందు చూడవలసిన స్థలమొకటి మిగిలియున్నది. కోఠి ప్రక్కనే సుల్తాన్‌బజారు ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. ఆసఫియా భవనమువలె ఇది విశాలమైనది కాదు. రాజ్యము దీనిని కట్టలేదు. నిజాము రాజ్యములో తెలుగు మాటలాడువారి సంఖ్య అధికమైనను పాలనభాష తెలుగు కాదు. ఉన్నత విద్య తెలుగులో లేదు. ఆ రోజులలో, 1901 సెప్టెంబరు 1వ తేదీన, రావిచెట్టు రంగారావుగారి గృహమున కొందఱు మిత్రులు చేరి ఈ గ్రంథాలయమును స్థాపించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారగు నాయని వేంకట రంగారావుగారు అందు ముఖ్యులు. ఒక యింటిలోని గదిలో మొదలైన ఆ దీపమునుండి తెలంగాణమున ఎన్నియో దీపములు వెలిగెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. లక్ష్మణరావుగారే 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను, ప్రకృతి శాస్త్రములను తెలుగులో చదువుకొనుటకు వీలు కల్పించిరి.

ఆంధ్ర ప్రాంతమున గూడ ఈ ఉద్యమము ప్రబలెను. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. దానికి అయ్యంకి వేంకటరమణయ్యగారు ప్రాణము వంటివారు. గ్రంథాలయమునకు రాలేని పల్లెవారి కొఱకు 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టాలోని కాలువపై పడవలో గ్రంథాలయమును నడపిరి. ధాన్యమును మోయు కాలువ పుస్తకములను గూడ మోసినది! రేవు దగ్గఱ పడవ ఆగినప్పుడు, పొలమునుండి వచ్చిన రైతు కాళ్లు కడుగుకొని పుస్తకమును చేత బట్టిన దృశ్యమును ఊహించుకొనుడు. చదువు మన గడపకు దానంతటదియే రాలేదు. కొందఱు దానిని మోసికొని వచ్చిరి.

ఇప్పుడు ఒక ప్రశ్న: గ్రంథాలయములో కూర్చుండి చదువుటకు మనమేమియు చెల్లింపలేదు. ఇంటికి పుస్తకము తీసికొనిపోవువారు గూడ కొంచెము ధరావతు మాత్రమే కట్టుదురు. మఱి ఈ వ్యయమునెవరు భరించుచున్నారు? స్వతంత్ర భారతమున మొట్టమొదటి గ్రంథాలయ శాసనము 1948లో మద్రాసు రాష్ట్రమున వచ్చెను. పిమ్మట 1955లో హైదరాబాదు శాసనము, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము వచ్చినవి. వీనిననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయముల కొఱకు స్వల్పమైన పన్ను గూడ వసూలు చేయబడును. అనగా ఇంటిపన్ను కట్టు ప్రతి కుటుంబమును ఆ బీరువాలలోని పుస్తకములకు కొంత వెల చెల్లించినది. అక్షరము రాని ముదుసలి తన చిన్న యింటికి కట్టిన పన్నులో గూడ ఒక పుట యుండవచ్చును. ఆమె చదువకున్నను మీరు చదువుటకు ఆమె చెల్లించినది. ఆ పుటను చించుటకు, దానిపై పిచ్చిగీతలు గీయుటకు మనకు చేతులెట్లు వచ్చును?

గ్రంథాలయములకు శత్రువులు చెదలు, తేమ, ధూళి మాత్రమే యని తలంపకుడు. అన్నిటికన్న పెద్ద శత్రువు నిర్లక్ష్యము. ఎవరును చదువని పుస్తకమును ఎవరును దులుపరు. ఎవరును రాని గదికి ఎవరును దీపము పెట్టరు. నేడు గ్రంథాలయములకు వచ్చు యువకులలో పెక్కుమంది పోటీ పరీక్షలకు చదువుకొనువారు. ఇంట చోటు లేక, అద్దె గదిలో వెలుతురు లేక, ఉదయమునుండి రాత్రి వఱకు ఆ బల్లల వద్ద కూర్చుండి తమ బ్రతుకుతెరువును వెదకుకొనుచున్నారు. వారికి ఆ నీడ నిచ్చుట గ్రంథాలయము చేయు గొప్ప ఉపకారము. అయితే పరీక్ష కొఱకు చదువుటతోపాటు, ఏ పరీక్షయు లేని చదువు గూడ కలదని మఱవరాదు. మార్కుల కొఱకు కాక, తెలిసికొనవలెనను ఆశ కొఱకు చదువువారు లేకున్నచో, తక్కిన బీరువాలు మూగవోవును. ఆ బీరువాలను పలికింపవలసినవారు మీరే.

మీ రందఱును హైదరాబాదులో నుండరు. మీ ఊరిలో ఆసఫియా వంటి భవనము ఉండకపోవచ్చును. కాని మీ జిల్లాలో కేంద్ర గ్రంథాలయము కలదు. పట్టణములలో శాఖా గ్రంథాలయములు కలవు. సెలవు దినమేదియో, తెఱచు వేళలేవియో ముందుగా తెలిసికొని ఒక్కనాడు పోయి చూడుడు. మొదట పత్రిక చదువుడు. పిమ్మట బీరువాల నడుమ తిరుగుడు. ఏదో యొక పుస్తకము మీ చేతిని పట్టుకొనువఱకు తిరుగుడు. తరువాత మీ ఊరి పాత బావిని, పాత వీధిని, సంతను, రేవును చూచి రండు. ప్రతి ఊరికిని ఒక వరద, ఒక చింతచెట్టు, ఒక పాత వంతెన యుండును. వాని కథ ఎవరైన వ్రాసియున్నారా యని గ్రంథాలయములో అడుగుడు. వ్రాసియున్నచో చదువుడు. వ్రాసియుండనిచో, పెద్దలనడిగి మీ నోటు పుస్తకములో మీరే వ్రాయుడు. రేపటి పాఠకునకు అదియే మొదటి పుట కావచ్చును.

ప్రశ్నలు

1. తీరికకును సోమరితనమునకును గల భేదమేమి?
2. "ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడు కలడు" అను సూత్రమును ఒక ఉదాహరణముతో వివరింపుము.
3. 1908 నాటి వరద పిమ్మట నగర రక్షణకై ఏమి చేసిరి?
4. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఏ పరిస్థితులలో స్థాపింపబడెను?
5. మీ ఊరిలోని ఒక పాత కట్టడమును గూర్చి పెద్దలనడిగి పది వాక్యములు వ్రాయుము.